పాత వాలు మీదే

గడ్డి కొసలు తెల్లబడ్డాయి.
నీళ్ళు చాలలేదనుకున్నాను, ఆషాఢంలో!
"నీళ్ళు గాదమ్మా, బ్లేడు మొండివడ్డది.
అది కోస్తలేదు, పీకుతున్నది" అన్నాడు షబ్బీర్ చిచ్చా
సైకిలుకి స్టాండు వేసి,
ఒక పోచ తెంపి
చిరిగిన కొసను నా కళ్ళ ముందు పట్టి.

సైనిక్‌పురికి నెలకోసారి వస్తాడు
వంటింటి కత్తులకు, దర్జీల కత్తెరలకు.
గడ్డి మిషను బ్లేడు మాత్రం ముట్టలేదు.
"గింత పొడుగుది నా సాన మీద ఆగదు.
ఇంట్లనే చేస్కో. ఆకురాయి తెచ్చుకో."

రాణీగంజ్‌లో కొట్టతను
"బాస్టర్డ్ ఫైలా మేడమ్?" అన్నాడు
పదిమంది ముందు.
పళ్ళ ముతకదనానికి అది పేరట.
నాకు మాత్రం శుక్రవారం ఆఫీసులో
సువర్చలను నేనన్న మాట గుర్తొచ్చింది.

ఆకురాయి. ఆకూ కాదు, రాయీ కాదు.
నూట ఎనభై రూపాయలు.

ఆదివారం పొద్దున ప్లగ్గు పీకి
బట్టలుతికే బండ మీద, కంటికెదురుగా పెట్టాను.
కరెంటు లేదు కదా అని చెయ్యి పెట్టేవాళ్ళకు చెప్తున్నా,
ఈ ఊళ్ళో అది చెప్పి పోదు, చెప్పి రాదు.
మిషన్ని వెల్లకిలా తిప్పితే
కడుపు నిండా పచ్చటి ముద్ద,
పోయిన వారం గడ్డి పులిసిన వాసన.
బోల్టు కదల్లేదు.
రెండు చుక్కల కొబ్బరినూనె వేసి
టీ తాగొచ్చాను.
అప్పుడు కదిలింది,
నేను టీ తాగడమే దానికీ కావాలన్నట్టు.

అంచు నిండా గండ్లు.
ఇది, ఇల్లు కట్టినప్పుడు మట్టిలో మిగిలిన గ్రానైటు పెచ్చు.
ఇది, పక్కింటి పిల్లల సోడా మూత.
ఈ లోతుది నాదే.
నల్లా మీటరు మూత అక్కడుందని తెలిసీ
మీంచి తోశాను, ఎవరి మీదో కోపంతో.
దాన్ని పూర్తిగా తీయాలంటే
బ్లేడే అరిగిపోతుంది. వదిలేశాను.

"కొత్త వాలు పెట్టకు బిడ్డా,
పాత వాలు మీదే పో."
ముందుకే తోయాలి.
వెనక్కి లాగితే ఆకురాయి పళ్ళకే నష్టం.
గర్ర్. ఎత్తు.
గర్ర్. ఎత్తు.
ఇటు నలభై, అటు నలభై.
మొరుగుతున్న ఎదురింటి కుక్క
ముప్పైల్లో ఎక్కడో మానేసింది.

క్యాలెండరు తీసి
ఆ మేకుకి నడిమి కన్నంతో వేలాడదీస్తే
ఎడమ రెక్క కిందికి వాలింది,
చెవి ఒగ్గిన మనిషిలా.
బరువున్న వైపే ఇంకొంచెం రుద్దాలి.
తేలిక వైపు ఏం చేసినా బరువెక్కదు.
మూడోసారికి అడ్డంగా నిలిచి
గోడ మీద తొమ్మిదింబావు చూపించింది.
అప్పటికి పన్నెండు దాటింది.

కరెంటు బిల్లు మీద పెట్టి లాగాను.
తెగలేదు, గీత పడింది.
అంతే ఉండాలట.
మరీ సన్నగా తీస్తే
మొదటి రాయికే అంచు మడత పడుతుందన్నాడు.
ఈ సంగతి శుక్రవారం లోపల తెలిస్తే బాగుండేది.

మా అమ్మకు పదునంటే ముందు మట్టి.
గుప్పెట్లో పిసికి,
ముద్దయ్యాక వేలితో పొడిచి,
విడిపోతే "పదును మీదుంది" అనేది,
విత్తనాల డబ్బా కోసం చెయ్యి చాపుతూ.
కత్తిది ఆమెకు రెండో అర్థం.

బ్లేడు బిగించి, బోల్టు తిప్పి, లేచేసరికి వాన.
ఈసీఐఎల్ వైపు నుంచి
ఒక్క ఉరుము కూడా లేకుండా వచ్చేసింది.
తడి గడ్డి మీద మిషను తిప్పకూడదు.
మెట్ల కింద దాన్ని నిలబెట్టి
నేనూ పక్కనే కూర్చున్నాను.

కాసేపటికి
సువర్చల నంబరు కోసం ఫోను తీస్తే
ఇనుప పొడి నిండిన నా బొటనవేలిని
అది గుర్తుపట్టలేదు.
సబ్బుతో కడిగాను. పట్టలేదు.
బట్టల సబ్బుతో, పీచుతో,
గీతల వెంట, అవి పోయే దారినే,
మళ్ళీ కడుగుతున్నాను.