అక్షరం మీద దొప్ప

మెదియాష్ ఊళ్ళో, తర్నావ ఏటి పక్క సందులో
వెతూరియా గారి వంటింట్లో నా చదువు.
మంగళవారాలు, రొట్టెల బట్టీలో పని దిగాక.
చేతులు ఎంత కడిగినా గోళ్ళ మూలల్లోంచి
పిండి నోటుపుస్తకంలోకి రాలుతూనే ఉంటుంది.

"ఇవాళ కావడం" అందావిడ కళ్ళజోడు తుడుచుకుంటూ.
"రొమేనియన్‌లో అది ఒక్క మాటతో తెమలదు. ఓపిక పట్టు."

మొదటిది దెవెని.
ఇస్త్రీ చొక్కా మాట. కాగితాల మీదే కాపురం.
దానితో మంత్రులవుతారు, పౌరులవుతారు.
నా దరఖాస్తు మూడేళ్ళుగా
ఆ మాట గుమ్మంలోనే కూచుని ఉంది.

తర్వాతది సె ఫాచె.
విడదీస్తే, తనని తాను చేసుకోవడం.
చీకటి తనని తాను చేసుకుంటుంది.
పిల్లలు తమని తాము పెద్ద చేసుకుంటారు.
జ్వరం దిగితే నిన్ను నువ్వు బాగుచేసుకున్నట్టే లెక్క.
ఆవిడ లేచి అలమర అడుగునుంచి సీసా తీసింది.
"నిరుటి ద్రాక్షసారా. ఒక్కరూ ముట్టుకోలేదు.
తనంతట తానే కూచుని వెనిగర్ చేసుకుంది."
వాసన చూశాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.
వీటికీ అదే క్రియా అని అడిగాను.
"వాటికి వ్యాకరణం లేదు" అంది, మూత బిగిస్తూ.

అజుంజె అంటే చేరడం.
రైలు స్టేషను చేరుతుంది. సరే.
హలబ్‌లో మందుల కొట్టు నడిపిన గియాస్
మెదియాష్‌లో పిండి పిసికేవాడిగా చేరాడు.
అదీ అజుంజెయే. తప్పు లేదు, టిక్కు పెట్టింది.
గిన్నెలోకి చోర్బా వంపుతుంటే
చెయ్యి అడ్డంపెట్టి నేనన్నదీ ఆ మాటే:
అజుంజె. చాలు.
చేరడానికీ చాలడానికీ ఒకే మాట పెట్టుకున్నారంటే
వీళ్ళ తాతలు ఎక్కడినుంచి నడిచొచ్చారో, ఎంత అలిసిపోయారో.

"మరి మీ అరబ్బీలో?"
మాకు పొద్దే క్రియ అన్నాను. అస్బహ.
తెల్లవారడం, కావడం, రెండూ అందులోనే.
రాత్రి పడుకునేటప్పుడు అది వీధి.
తెల్లవారేసరికి
అక్కడ ఆపేశాను.
ఆవిడ గరిట తిప్పడం ఆపింది.
చోర్బా మాత్రం కాసేపు గిన్నెలో తిరిగింది.

కిటికీ గట్టు మీద గుతూయ్ పళ్ళు వరసగా.
పసుపు తిరిగి, ఇల్లంతా వాసన వేసి,
కొరికితే ఇంకా రాళ్ళే.

"చివరిది రమునె. మిగలడం, ఉండిపోవడం."
అది కావడం ఎలా అవుతుందండీ?
"అవుతుంది. ఆడది కడుపుతో ఉండిపోతుంది.
మొగుడు పోతే విధవగా ఉండిపోతుంది.
మేమలాగే అంటాం."
ఉండిపోవడమంటే మారకపోవడం కదా, అన్నాను.
తలుపు వెనక కొక్కేనికి యొవాకిం గారి గ్యాస్ కంపెనీ టోపీ.
దానివైపు చూడకుండా చెప్పింది:
"ఫిబ్రవరిలో. ఇదే కుర్చీ. చిక్కుడు గింజలు ఏరుతున్నాను.
నేను చేసిందేమీ లేదు, లేవను కూడా లేదు.
తక్కినదంతా లేచి వెళ్ళిపోయింది.
పేరు మాత్రం నాకు మారింది."

పొద్దుపోయింది. వీళ్ళ భాషలో
పొద్దు కూడా తనని తాను ఆలస్యం చేసుకుంది.

పై మంగళవారానికి ఐదు వాక్యాలు రాసుకెళ్ళాను.
చలి తనని తాను చేసుకుంది.
పాలు పెరుగయ్యాయి.
మా యజమాని కుక్క లావెక్కింది.
నాలుగోది కొట్టేసి మళ్ళీ రాశాను, చదవడానికి రాలేదు.
ఐదోది రెండే మాటలు:
ఆమ్ రమాస్. ఉండిపోయాను.

"ఏమిగా?" అంది పెన్సిలు ఎత్తి.
"ఈ క్రియకి తోక కావాలి. ఏమిగా ఉండిపోయావు?"
నేను గోళ్ళు చూసుకున్నాను.
ఆవిడ కాసేపు నన్ను, కాసేపు కాగితాన్ని,
ఆ తర్వాత తలుపు వెనక్కి చూసింది.

తోక అడగడం మానేసింది.
నేను పెట్టడం మరిచిన చిన్న దొప్పని
రమాస్‌లో మొదటి అక్షరం నెత్తిన
మెల్లగా గీసి,
పుస్తకం నావైపు తిప్పింది.