ముప్పయ్యో రోజు ఫోను

ఫారంలో పదకొండు ప్రశ్నలుంటాయి.
కుట్లు ఆరాయా, జ్వరం ఉందా,
పొట్ట మీది సంచి చుట్టూ చర్మం ఎర్రబడిందా,
అన్నం ఎన్ని పూటలు.
మహారాణిపేటలో మా ఆస్పత్రి మూడో అంతస్తు,
కిటికీలో సగం డాల్ఫిన్ కొండ, సగం ఏసీ డబ్బా.
అక్కడ కూర్చుని టిక్కులు పెడతాను.

గొర్లె సన్యాసిరావు, మల్కాపురం,
షిప్‌యార్డులో వెల్డరు.
పన్నెండేళ్లు పేగుపుండుతో కాపురం చేసినవాడు,
ఎక్కడికెళ్లినా ముందు మరుగుదొడ్డి ఎటో చూసుకున్నవాడు.
ఆపరేషన్ తేదీ తనే ఎంచుకున్నాడు
పెళ్లి ముహూర్తంలా, కేలెండర్ మీద వేలు పెట్టి.
డిశ్చార్జి రోజు వార్డంతా మాడుగుల హల్వా.

ఇవాళ పదకొండుకీ ఒకటే జవాబు:
"బాగుందమ్మా." "బాగుందమ్మా."
రేకుకి వేసిన టాకాల్లా, సమాన దూరంలో.

ఈ లయ నాకు తెలుసు.
నిరుడు పద్నాలుగో బెడ్ వరహాలమ్మగారు
మోకాళ్లు రెండూ మార్పించుకుని
ఇలాగే అన్నిటికీ బాగుందన్నారు.
ఆవిడ ఫారం ఇంకా నా సొరుగులో ఉంది.
పదకొండు టిక్కులు. ఒక్కటీ తప్పు కాదు.
తొమ్మిది రోజుల తర్వాత ఆవిడ లేరు.
ఎలాగో వాళ్లబ్బాయి చెప్పబోతే
వద్దు బాబూ అన్నాను.

పెన్నుకి మూత పెట్టేశాను.
"సన్యాసిరావుగారూ,
బతకాలని ఉందా?"

అవతల ఫ్యాను చప్పుడు. కుక్కరు ఒక విజిలు.
హార్బరులోకొస్తున్న ఓడ కూత
ముందు ఫోన్లో వినిపించింది,
తర్వాత నా కిటికీలోంచి.

"నొప్పున్నన్నాళ్లూ
నొప్పి పోతే బాగుంటాదని ఉండేదమ్మా.
ఇప్పుడది పోనాది.
ఇంక దేనికోసం సూడాలో తెలీట్లేదు.
వచ్చినోళ్లందరూ అదృష్టవంతుడివంటారు.
ఆళ్ల ముందు ఏటని ఏడవను?"

"చచ్చిపోవాలనిపిస్తోందా?"
ముసుగెయ్యకుండానే అడిగాను.

"రాత్రేల."

దానికి పెట్టే టిక్కు నా దగ్గర లేదు.
పెట్టెయ్యొద్దన్నాను. ఇంట్లో ఎవరున్నారన్నాను.
మంగ వచ్చింది, తడి చేతుల్లోంచి ఫోను ఓసారి జారింది.
ఒంటరిగా వదలకమ్మా, సాయంత్రమే తీసుకురా,
మనసు డాక్టరుగారు ఏడింటిదాకా ఉంటారు,
వెళ్లిపోబోతే నేను ఆపుతాను.

మార్జిన్లో రాసుకున్నాను: రాత్రేల.

ఆరుంబావుకి లిఫ్టు తెరుచుకుంది.
ముందు మంగ.
వెనక ఆయన, సంచి మీద చొక్కా సర్దుకుంటూ,
ఇంట్లో చెప్పేశానని నా మీద కోపంగా.
బాగా కోపంగా.
రండి, కూర్చోండి అన్నాను.