గేటు గుంజ దగ్గర ఆగిన గీత

విక్ రేవు మీద పొగమంచు ఇంకా లేవలేదు.
పై గదిలో గ్యాస్ హీటరు ముందు కూర్చుని
ఇష్బెల్ స్వాన్సన్ గారి ఫైలు విప్పాను.
వెతికింది వేరే కాగితం.
దొరికింది నా తప్పు.

పటంలో ఆమె ఇంటి చుట్టూ ఎర్రగీత,
పలకరాతి కంచె వెంబడే బుద్ధిగా నడిచి
గేటు గుంజ దగ్గర ఆగిపోయింది.
గుంజ నుంచి రోడ్డు దాకా తొమ్మిది గజాలు.
ఆ తొమ్మిది గజాల మీదుగానే పాలసీసాలొస్తాయి, ఉత్తరాలొస్తాయి,
మోకాలు విరిగిన రాత్రి అంబులెన్సూ వచ్చింది.
కాగితం మీద మాత్రం
ఆమె రోజూ గాల్లోంచి ఇంట్లోకి దిగుతోంది.

ఆ నేల ముసలి మాగ్నస్ బడ్జ్‌ది.
నడవనిచ్చాడు.
నడవనివ్వడం వేరు, హక్కు వేరు.
ఆ తేడా నాకు తెలిసుండాలనే
ఆమె ఆరువందల యాభై పౌండ్లు ఇచ్చింది.
ఇప్పుడు మాగ్నస్ లేడు.
ఇన్వర్నెస్ నుంచి మేనల్లుడు దిగి
టేపు పట్టి కొలుస్తున్నాడట.

ఆ రోజు ఏం చేశానా అని పాత డైరీ తీశాను.
శుక్రవారం. ఒకే మధ్యాహ్నం మూడిళ్ల తాళాలు చేతులు మారాయి.
పక్కన నా రాతే: పళ్ల డాక్టరు, నాలుగున్నర.
అంతే. దుర్మార్గమేమీ లేదు.
ఒక పన్నునొప్పి. ఒక తిప్పని పేజీ.
నాలుగు చెక్కుబందీల్లో మూడు చదివి
దక్షిణం మీద సంతకం పెట్టేశాను.

మా దేశపు చట్టానికి ఓ చిత్రమైన గుణం ఉంది.
ఐదేళ్లు నిండితే బాకీ నిద్రపోదు, చచ్చిపోతుంది.
నష్టపోయానని ఆమెకి తెలియకపోయినా సరే,
డబ్బు కట్టి తాళంచెవి అందుకున్న నాటి నుంచే లెక్క.
నవంబరు పద్నాలుగు.
ఇవాళ మూడు.

పదకొండు రోజులు.
ఫైలు మళ్లీ అరలో పెట్టేస్తే చాలు.
పెట్టాను కూడా.
మెట్లు దిగి, సగంలో నిలబడి,
మళ్లీ ఎక్కాను.

గ్లాస్గోలో బీమావాళ్ల అమ్మాయి మెత్తగా చెప్పింది:
"క్షమించమని అనకండి సార్.
మరో లాయరుని చూసుకోమనండి. అంతవరకే."
ముప్ఫయ్యారేళ్లు మాటలమ్ముకుని బతికాను,
ఈ ఒక్క మాటకీ పాలసీ వర్తించదట.

"ఇష్బెల్ గారూ, మీ దారి సంగతి.
ఈ వారమే మరో లాయరుకి చూపించండి."
అవతల కెటిల్ కూసింది.
ఆపొస్తానని వెళ్లి, కుంటుకుంటూ తిరిగొచ్చి,
"అదేంటి, మీరున్నారుగా?" అంది.

తేదీ చెప్పాను.
మళ్లీ చెప్పాను.
రాసుకోమన్నాను.
సొరుగు లాగిన చప్పుడు. చెంచాల చప్పుడు.
పెన్సిలుకి ముల్లు లేదు, ఉండమంది.
ఉన్నాను.