పదిహేను సెకన్లు

కొర్లగుంటలో కరెంటు పోయి
ఫ్యాను ఆగినాక వినిపించింది:
తడికట్టెను రంపం కోస్తున్నట్టు
మంచం కింద మా గుండుగాడి ఊపిరి.

పరిగెత్తింది లేదు, ఎండలో తిరిగింది లేదు.
పడుకున్నోడు పడుకున్నట్టే ఉండాడు,
డొక్కలు మాత్రం కొలిమితిత్తులు.

రెడ్డెమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది.
నోట్లో పొయ్యొద్దన్నా.
ఎందుకని అడగలేదు.
మా నాయనకు ఆ రాత్రి పోసింది నేనే.

సెల్లు వెలుతురులో పదిహేను సెకన్లు
వాడి పక్కటెముకలు లెక్కపెట్టినా.
పద్దెనిమిది.
నాలుగుతో హెచ్చవేస్తే డెబ్బై రెండు,
వేళ్లమీద రెండుసార్లు చూసుకున్నా.
పెదవి ఎత్తితే చిగుళ్లు
నేరేడుపండ్లు తిన్న పిల్లోడి నాలుక.

ఇంక తెల్లారేదాకా ఏం చూసేది?
ఆటో తీసినా.
రొమ్ము నొక్కాకుండా ఎత్తు,
వాడెట్లా కూచుంటానంటే అట్లా కూచోనీ.
వెటర్నరీ కాలేజీ దోవంతా
కొండగాలి రెండుపక్కలా దూరింది.
మొక్కులు తెలిసిన మనిషి
ఈ రాత్రి అంకెలే చదవతా ఉంది.

గేటుకాడ వాచ్‌మన్ టార్చి వేసి
ఏమైందన్నాడు.
నాకు గొంతు పెగల్లేదు.
వెనకనుంచి ఆమే చెప్పింది:
"పదహారు సామీ.
ఇందాక పద్దెనిమిది."