గడియ

ఆ పదం చేర్చింది నేనే. పోయిన అక్టోబరులో,
ఇసాఫ్యోర్దుర్ రేవు వెనక, చేపల గిడ్డంగి మీది గదిలో.
మ్యూటెక్స్‌కి ముందు రికర్సివ్ అని, ఒక్క మాట.

అంతకుముందు బల్ల మీది నమూనా వించి బిగుసుకుపోయేది.
తీగ బిగువు కొలిచే టాస్క్ తాళం వేసుకుని లోపలికెళ్ళి
లెక్క రాయమని ఇంకో ఫంక్షన్ని పిలిస్తే
అదీ అదే తాళం అడిగేది.
చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు,
తన చేతిలో ఉన్నదాని కోసం
తన వెనకే తాను వరసలో నిలబడేది. ఎప్పటికీ.

ఆ మాట చేర్చాక నిలబడటం మానేసింది.
నువ్వేగా, రా, అంది తాళం.
రెండోసారి వచ్చావా, రా. మూడోసారీ రా.
వచ్చినప్పుడల్లా గోడ మీద ఒక గీత గీస్తాను,
వెళ్ళేటప్పుడు ఒక్కొక్కటే చెరిపేసి వెళ్ళు, చాలు.
నేను కోటు తొడుక్కుని ఊరి ఈతకొలనుకి పోయాను.
మెడదాకా వేడినీళ్ళు, నెత్తిన మంచు,
భలేవాడివిరా ఓర్రీ అనుకున్నాను.

జనవరి. స్కార్వుర్ అనే ట్రాలరు,
తీరానికి అరవై మైళ్ళ వాయవ్యాన.
సెన్సారు మీద ఐసు పేరుకుంది.
నా కోడులో ఆ దారి ఒకటుంది:
రీడింగు చెడితే మధ్యలోనే వెనక్కి వచ్చేసెయ్.
వచ్చేసింది.
మూడు గీతలు గీసి, రెండు చెరిపి.

తర్వాతి రౌండులో అదే టాస్క్ మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెళ్ళింది.
తనకి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంది.
అందుకే లాగ్‌లో ఏ తప్పూ లేదు,
ఎంత చల్లగా, ఎంత క్రమంగా ఉన్నాయో ఆ వరసలు!
బయట బ్రేకు టాస్క్ నిలబడి ఉంది.
అందరికన్నా పెద్దది అది, ముందు పిలవాల్సింది దాన్నే.
తన పెద్దరికం తీసి ఆ చిన్నదానికి అరువిచ్చింది,
త్వరగా తెములుతుందేమోనని.
తెమలడానికి అక్కడ పనేముంది? అది నిద్రపోతోంది,
పది మిల్లీసెకన్లకోసారి లేచే నిద్ర,
మొలలో తాళంచెవితో.

తలుపుకి వేసేదీ గడియే, పొద్దుని కొలిచేదీ గడియే.
రెంటికీ ఒకే మాట పెట్టినవాళ్ళకి
ఈ ఉద్యోగం ముందే తెలుసేమో.

డ్రమ్ము నాలుగు సెకన్లు వట్టినే తిరిగింది.
కాపలాకుక్కకి మెతుకు వేయాల్సింది బ్రేకు టాస్కే,
ఆకలేసి అది కరిచింది, బోర్డు మొత్తం చచ్చి లేచింది,
కరెంటు పోయిన ఆ క్షణంలో స్ప్రింగు బ్రేకు పడింది.
ఎవరికీ ఏమీ కాలేదు.
థోర్గిల్స్ ఎడమచేతి గ్లోవు తీగతో పాటు డ్రమ్ములోకి పోయింది,
చెయ్యి రాలేదు. వదులు గ్లోవు కాబట్టి.

ఆస్దీస్ ఆ గ్లోవు నా కీబోర్డు పక్కన పెట్టింది.
తిట్టలేదు. టీ కూడా పోసింది.
"ఇదే తాళం తన దగ్గరుందో లేదో తెలియని ఫంక్షనుకి
తాళం ఎందుకిచ్చావు?" అంది. అంతే.
ముప్ఫై ఏళ్ళుగా ఓడల్లో బోర్డులు పెడుతున్న మనిషి,
ముందు ఆ పదం చెరిపేసింది.
వెంటనే నమూనా వించి మళ్ళీ బిగుసుకుపోయింది.
"మంచిది, ఇప్పుడు నిజం చెబుతోంది" అంది.
రెండు రాత్రులు కూర్చున్నాం.
వీధి తలుపుకి ఒకటే గడియ,
లోపలి గదులకి వట్టి గుమ్మాలు.
వచ్చే దారి ఒకటి, పోయే దారి ఒకటి,
ఐసు పట్టినా సరే ఆ దారినే పోవాలి.

ఫిబ్రవరిలో పడవ రేవుకొచ్చింది. నేనే వెళ్ళి చిప్పు మార్చాను.
థోర్గిల్స్ గట్టున కూర్చుని ఎండుచేప నములుతున్నాడు.
ఏమైందసలు, అన్నాడు.
ఒకడు తలుపు మూడుసార్లు వేసి రెండుసార్లే తీశాడు, అన్నాను.
కాసేపు నమిలాడు.
"లోపలెవరున్నారు మరి?"
ఎవరూ లేరు.
తలూపి, గ్లోవులు తొడుక్కున్నాడు,
ఒకటి నారింజరంగుది, ఒకటి నీలం.