తొక్కల బొగ్గు

చమురు పైపు పగిలిన ఏడాది
నా చిన్నదానికి పాలపళ్లొస్తున్నాయి.
ఇప్పుడది నాకంటే జానెడు ఎత్తు.
మడచెట్ల వేళ్లకు పట్టిన జిడ్డు మాత్రం
అప్పుడెక్కడుందో అక్కడే ఉంది.

కంపెనీ వాళ్లు ఒక్కసారి వచ్చారు.
పైమట్టి తిరగేసి, పసుపు జెండాలు పాతి,
ఫొటోలు తీసుకుని పడవెక్కారు.
జెండాల గుడ్డను ఉప్పుగాలి తినేసింది.
మిగిలిన కర్రల మధ్య మిరపనారు వేశాను,
మూడోనాటికే తలవాల్చింది.

పోర్ట్ హార్కోర్ట్ నుంచి దుమ్లే కూతురు వచ్చింది, బారిసువా.
యూనివర్సిటీలో మట్టి చదువు చదువుతోందట.
మట్టికీ ఓ చదువా అని నవ్వాం.
"అత్తా, గారీ పిండికి పెండలం చెక్కిన తొక్కలేం చేస్తావు?"
"మేకలకేస్తాను."
"సగం నాకివ్వు."

మేక ఒప్పుకోలేదు. నేను ఒప్పుకున్నాను.

పీపా కూడా ఆ కంపెనీదే,
పక్కన రాసిన పేరు సగం తుప్పు పాలైంది.
అందులో ఎండిన తొక్కలు, పామ్ గింజల పెంకులు,
పైన నిప్పు, ఆపైన మూత,
గాలికి చీమ దూరేంత సందు.
ఊపిరాడకుండా కాలితేనే బొగ్గట,
ఊపిరాడితే బూడిదేనట.
ఆ మాట విని మా ఆడబిడ్డ లెయీరా
చాలాసేపు పీపా వైపే చూసింది.

రోట్లో దంచాం. చీమిడి నలుపు, ఉమ్ము నలుపు,
ఆదివారం చర్చిలో పాట పుస్తకం మీద
నా బొటనవేలు ముద్ర నలుపు.
కోళ్లపెంటతో కలిపి ఒక మడిలో తవ్వి వేశాం,
పక్క మడిని చూసుకోడానికి అలాగే వదిలాం.

బొగ్గును పాలతో కడిగినా తెల్లబడదంటారు.
దాన్ని కడగమని ఎవరడిగారు?
ఇక్కడ కడిగేది అదే.
ఒక్కో తునక లోపల వేల గదులట,
ఆ గదుల్లో కంటికానని పురుగులు కాపురముండి
చమురును కొంచెం కొంచెం కొరుక్కు తింటాయట.
అద్దె లేని ఇల్లు, గుమ్మంలోనే కూడు,
ఇక తొందరెందుకు పడతాయి!

రెండు వానాకాలాలు పోయాయి.
పక్క మడిలో నీళ్లు పోస్తే
ఇంకా ఏడు రంగులు తేలతాయి.
మా మడిలో నీళ్లు ఇంకుతున్నాయి.
ఇంకే నీటికి చప్పుడుంటుందని
నేను మరిచేపోయాను.

పెండలం కర్ర గుచ్చాను, ఆకు తొడిగింది.
తవ్వితే పిడికెడు దుంప.
"తినొద్దత్తా. లోపలేముందో పరీక్ష చెయ్యాలి,"
అని సంచిలో వేసి, తేదీ రాసి పట్టుకుపోయింది.
ఇన్నేళ్లకు చేతికొచ్చిన దుంప,
పడవ మలుపు తిరిగేదాకా చూశాను.
వచ్చే ఏడు తింటామో, ఆపై ఏడో,
పిల్ల కూడా చెప్పలేనంది.

మొన్న బజారులో గారీ కొలుస్తుంటే
ఎవరో కొత్తావిడ నా గోళ్లు చూసి వెనక్కి జరిగింది.
"ఆ నలుపేంటి, చమురేనా?"

ఆ నలుపుకీ ఈ నలుపుకీ తేడా
చూపిస్తే కనబడేది కాదు.
చెయ్యి ఆమె ముక్కు దగ్గర పెట్టాను.
"వాసన చూడు," అన్నాను.