తలకట్టు

కలాసిపాళ్యం లాడ్జిలో
అలారం కంటే ముందే లేచాను, నాలుగింటికి.
కొత్తగూడెం నుంచి ఒక్కదాన్నే.
మూడు రోజుల సెలవు, వాయిదాల మీద కొన్న కెమెరా.
"ఎవరితో వెళ్తున్నావ్" అన్నవాళ్ళకి
తలా ఒక పేరు చెప్పి రైలెక్కాను.

ఆ ఊరి బోర్డులు నాకు సగం వచ్చు.
అదే చిక్కు.
అసలు రాకపోతే బొమ్మల్లా చూసి వదిలేద్దును.
మనం టిక్కు పెట్టేచోట వాళ్ళు అడ్డగీత పెడతారు,
అక్షరం నెత్తిన చిన్న చూరులా.
ఆటో వెనక పేరు కూడబలుక్కుంటుండగానే
ఆటో మలుపు తిరిగిపోతుంది.

మన 'ప'ని ఎవరో ఊదేశారక్కడ:
పాలు హాలు, పులి హులి,
పువ్వు హూవు.

కె.ఆర్. మార్కెట్ మేడ మీంచి
అందరూ తీసే ఫోటోనే తీశాను మొదట.
పసుపు గుట్టలు, ఎర్ర గుట్టలు, మధ్యలో గొడుగులు.
బాగా వచ్చింది.
ఎవరిదో లాగా వచ్చింది.

కిందికి దిగితే చెప్పులకి చామంతి బురద.
భుజాన్ని గుద్దుకుంటూ గోనెమూటలు, "దారి బిడి, దారి బిడి".
'బిడి' తెలియకపోయినా
దారి తెలిసింది, తప్పుకున్నాను,
తప్పుకున్నచోట
కనకాంబరాలు తూస్తూ ఒకాయన.

కెమెరా ఎత్తగానే చెయ్యి అడ్డం పెట్టాడు.
ఏదో అన్నాడు, గబగబా,
అందులో ఒక్క మాటే నాకు చిక్కింది:
తక్కడి.
తనని కాదట. తక్కెడని తియ్యాలట.
ఇత్తడి పళ్ళేలు, ఒకదాని అడుగున అతుకు,
ముల్లు దగ్గర రంగు మారిన దారం.
పక్కన అట్టపెట్టెలో
ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పని అంకెల మిషను.

పదకొండు తీశాను.
ఆయన తడివేలు చీరకొంగుకి, నా కొంగుకే, తుడుచుకుని
ఒక్కొక్కటీ వెనక్కి తిప్పించి చూశాడు.
పళ్ళెంలో ఏమీ లేనిదొకటి ఎంచాడు.
అంచున ఆయన బొటనవేలు పడింది దాంట్లో.
చెరిపేద్దామనుకున్నదే అది.

పొట్లాలు కట్టే కాగితం మీద అడ్రసు రాసిచ్చాడు.
బైలప్ప. అంతవరకే చదవగలిగాను.

నిన్న ఫోటో కవర్లో పెట్టి
ఆయన రాత పక్కన పెట్టుకుని
బళ్ళో ఇండియా పటం దించినట్టు
ఒంపు ఒంపూ దించాను, సందులతో సహా.
అయ్యాక చూసుకుంటే
పేరులో చివరి అక్షరం మీద
చేతివాటం, మన తలకట్టు పడింది.

దిద్దితే మరకవుతుందని అలాగే అంటించాను.
పది రూపాయల స్టాంపు
ఒకటి ఎక్కువ వేశాను.